కనబడని డిస్కు ఎక్కడికీ పోలేదు

పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు, పెద్దవాళ్ల మెడికల్ రిపోర్టులు. వీటన్నిటినీ ఇంట్లో ఒకే చోట పెట్టుకుని, ఎవరి కంప్యూటర్ నుంచి వాళ్లు తెరుచుకునే ఏర్పాటు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. కొందరు అందుకోసం నాస్ అనే చిన్న పెట్టె కొంటారు. కొందరు రౌటర్ వెనకున్న యూఎస్‌బీ పోర్టుకు హార్డ్ డిస్కు తగిలిస్తారు. ఇంకొందరు పాత డెస్క్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌ను షేర్ చేసి ఊరుకుంటారు. నిన్నటిదాకా బాగా నడిచిన ఆ ఏర్పాటు ఒక ఉదయం ఉన్నట్టుండి ఆగిపోతుంది. నెట్‌వర్క్ పాత్ దొరకలేదన్న ఒక్క ముక్క తప్ప తెర మీద ఇంకేమీ ఉండదు. డిస్కు పాడైందని ఒకరు, నెట్ సరిగా రావడం లేదని ఇంకొకరు తీర్మానిస్తారు. చాలాసార్లు ఈ రెండూ నిజం కావు. డిస్కు తన చోట క్షేమంగానే ఉంటుంది. దాని చిరునామా అందడం, పేరు తెలియడం, యూజర్‌గా లోపలికి రానివ్వడం, ఫైలు తెరవనివ్వడం అనేవి నాలుగు వేర్వేరు పనులు. వాటిలో ఏదో ఒకటి ఆగి ఉంటుంది. ఏది ఆగిందో తేల్చుకోకుండా సెట్టింగుల మీద చెయ్యి వేయకూడదన్నది నా వాదన. రక్షణలన్నీ తీసేసి డిస్కును మళ్లీ కనిపించేలా చేసే చిట్కాలు అసలు సమస్య కన్నా ప్రమాదకరమని కూడా ఇక్కడే చెప్పాలి.

ముందుగా ఇంటర్నెట్‌నూ ఇంటి నెట్‌వర్క్‌నూ విడదీసి చూడాలి. రౌటర్ రెండు పనులు చేస్తుంది. ఇంటిని బయటి ప్రపంచంతో కలపడం ఒకటి, ఇంట్లోని పరికరాలను వాటిలో వాటికి కలపడం రెండోది. హాల్లో ఉన్న ల్యాప్‌టాప్ పై గదిలోని డిస్కు నుంచి ఫైలు తెచ్చుకునేటప్పుడు ఆ సమాచారం గడప దాటదు. వీధిలో ఫైబర్ తెగి నెట్ ఆగిపోయినా ఆ ఫైలు తెరుచుకోవాలి. యూట్యూబ్ ఆడుతోంది కాబట్టి నెట్‌వర్క్ బాగున్నట్టే అనుకోవడం అందుకే పొరపాటు. స్పీడ్ టెస్ట్ వల్ల కూడా ఈ విషయంలో తెలిసేదేమీ లేదు. చూడవలసింది రెండు పరికరాల ఐపీ చిరునామాలు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే 192.168.1.5 లాంటి అంకెలు వస్తాయి. డిస్కును రౌటర్‌కే తగిలించి ఉంటే రౌటర్ చిరునామే దాని చిరునామా. లేకపోతే అది రౌటర్ సెట్టింగుల పేజీలో, దానికి కలిసి ఉన్న పరికరాల జాబితాలో ఉంటుంది. మామూలు ఇళ్లలో ఈ రెండు చిరునామాల్లోనూ మొదటి మూడు సంఖ్యలు ఒకటే అయి ఉండాలి. కంప్యూటర్ చిరునామా 169.254తో మొదలైందంటే రౌటర్ నుంచి దానికి చిరునామా అందలేదని, తనంతట తానే ఒకటి పెట్టుకుందని అర్థం. అప్పుడు కేబులో, వైఫైయో, రౌటరో చూడాలి గానీ ఫోల్డర్ సెట్టింగులతో పని లేదు.

చిరునామాలు చూసినప్పుడు మన ఇళ్లలో తరచుగా బయటపడే చిక్కు రెండు రౌటర్లది. ఫైబర్ కనెక్షన్‌తో పాటు వచ్చిన పెట్టె హాల్లో ఉంటుంది. దాని వైఫై పై అంతస్తుకు అందదని బజారు నుంచి ఇంకో రౌటర్ తెచ్చి దానికి తగిలిస్తారు. రెండు చోట్లా నెట్ బ్రహ్మాండంగా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ రెండో రౌటర్ తన కింద ఒక కొత్త నెట్‌వర్క్‌నే సృష్టించింది. ఒక గదిలో 192.168.1తో, ఇంకో గదిలో 192.168.0తో మొదలయ్యే చిరునామాలు కనిపిస్తే సంగతి ఇదే. లోపలి రౌటర్ కింద ఉన్న కంప్యూటర్ బయటి దాని కింద ఉన్న డిస్కును అంకెలతో పిలిస్తే పలుకుతుంది, పేరుల జాబితాలో మాత్రం కనపడదు. డిస్కే లోపలి రౌటర్ కింద ఉంటే బయటివాళ్లకు అసలు అందదు. రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌కు మారిస్తే ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది. ల్యాప్‌టాప్ పొరపాటున గెస్ట్ వైఫైకి కలిసినా ఇలాగే జరుగుతుంది. అతిథుల ఫోన్లకు నెట్ మాత్రమే ఇచ్చి ఇంటి పరికరాలను దాచడం కోసమే గెస్ట్ వైఫై పెట్టారు కాబట్టి, అది తన పని తాను సక్రమంగానే చేస్తోందన్నమాట.

చిరునామాలు సరిగ్గా ఉన్నా ఎక్స్‌ప్లోరర్‌లోని నెట్‌వర్క్ జాబితాలో డిస్కు పేరు లేకపోవచ్చు. ఇక్కడే చాలామంది గంటల కొద్దీ చిక్కుకుంటారు, ఎందుకంటే ఆ జాబితానే సాక్ష్యం అనుకుంటారు. నిజానికి అది చాలా బలహీనమైన సాక్ష్యం. పాత విండోస్‌లో ఈ జాబితాను తయారుచేసే సేవ, ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ అనే పద్ధతి మొదటి వెర్షన్ మీద ఆధారపడి ఉండేది. ఇప్పటి విండోస్ వేరే పద్ధతిలో పరికరాలను వెతుకుతుంది, యాపిల్ కంప్యూటర్లు బొంజూర్ అనే మరో పద్ధతి వాడతాయి. పాత పెట్టెలకు పాత పద్ధతి ఒక్కటే తెలుసు. ఇద్దరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండి కూడా ఒకరి పేరు ఒకరికి తెలియకపోవడం ఇలా జరుగుతుంది. ఇంటి మీద పేరు పలక ఊడిపోయినా డోర్ నంబరు తెలిస్తే ఉత్తరం చేరుతుంది. అలాగే ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో \\192.168.1.20 అని, అంటే రెండు వెనక్కి వాలిన గీతల తర్వాత డిస్కు చిరునామా కొట్టి చూడాలి. నా దృష్టిలో మొత్తం పరీక్షల్లో అతి విలువైనది ఇదే. ఫోల్డర్లు కనిపించాయా, పోయింది పేరు ఒక్కటే. రౌటర్‌లో ఆ పరికరానికి ఎప్పుడూ అదే చిరునామా ఇచ్చేలా రిజర్వ్ చేసి, ఆ అంకెలతోనే డ్రైవ్ మ్యాప్ చేసుకుంటే జాబితాతో అవసరమే ఉండదు. రిజర్వ్ చేయకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడో, రౌటర్ రీస్టార్ట్ అయినప్పుడో చిరునామా మారి మళ్లీ మొదటికి రావచ్చు. పింగ్ చేసి చూడటం కూడా మంచిదే. కానీ విండోస్ ఫైర్‌వాల్ చాలాసార్లు పింగ్‌కు బదులివ్వనివ్వదు. జవాబు వచ్చిందంటే పరికరం ఉన్నట్టే, రానంత మాత్రాన లేదని తీర్మానించకూడదు.

అంకెలతో పిలిచినప్పుడు పాస్‌వర్డ్ అడిగిందంటే సంతోషించాలి. దారి బాగుందని, ఇక మిగిలింది గుర్తింపు సమస్యేనని తేలిపోయింది. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు పిన్ కొట్టడం. రోజూ ల్యాప్‌టాప్ తెరవడానికి వాడే నాలుగంకెల పిన్ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌కే పరిమితం. నెట్‌వర్క్ మీద అవతలి కంప్యూటర్‌కు కావలసింది, దానిలో ఉన్న అకౌంట్ పేరు, ఆ అకౌంట్ అసలు పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌తో అయితే విండోస్ మామూలుగా నెట్‌వర్క్ నుంచి లోపలికి రానివ్వదు. ఎప్పుడో మార్చేసిన పాస్‌వర్డ్‌ను, విండోస్‌లో పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్ పట్టుకుని కూర్చుని, దాన్నే మళ్లీ మళ్లీ పంపుతుండటం కూడా మామూలే. ఆ పాత నమోదు చెరిపేస్తే సరిపోతుంది. ఒకే పెట్టెలో ఒక ఫోల్డర్‌కు ఒక పేరుతో, ఇంకో ఫోల్డర్‌కు వేరే పేరుతో ఒకేసారి వెళ్లబోయినా విండోస్ ఒప్పుకోదు. లోపలికి వెళ్లాక ఫైలు మాత్రం తెరుచుకోకపోతే అది అనుమతుల సంగతి. షేర్‌కు ఇచ్చిన అనుమతి వేరు, డిస్కు మీద ఫోల్డర్‌కు ఉన్న అనుమతి వేరు. రెండింటిలో ఏది కఠినమైతే అదే చెల్లుతుంది. ఇక ఎవరూ గమనించని మరో కారణం, షేర్ చేస్తున్న కంప్యూటర్‌లో ఇంటి నెట్‌వర్క్ పబ్లిక్ అని నమోదై ఉండటం. అలా ఉంటే అది రైల్వే స్టేషన్ వైఫైలో ఉన్నట్టే భావించి ఎవరికీ తలుపు తీయదు. దాన్ని ప్రైవేట్‌కు మార్చాలి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయడం ఇందుకు మందు కాదు.

నేనేమీ ముట్టుకోలేదు, అప్‌డేట్ వచ్చాకే ఆగిపోయింది అని చాలామంది అంటారు. అది చాలావరకు నిజమే, ఆ కోపమూ న్యాయమే. కానీ అప్‌డేట్ ఎందుకు అలా చేసిందో తెలిస్తే ఆలోచన మారుతుంది. ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ పద్ధతికి 1983 ప్రాంతంలో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ రూపమిచ్చాడు. ఒక ఆఫీసులో, ఒకరినొకరు ఎరిగిన మనుషుల మధ్య వాడుకునే కాలం అది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిజెల్ మొదలుపెట్టిన సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పద్ధతిని విండోస్ కాని యంత్రాలకూ అందించింది. మార్కెట్లో దొరికే నాస్ పెట్టెలు, యూఎస్‌బీ ఉన్న రౌటర్లు చాలావరకు దానితోనే నడుస్తాయి. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌లోని ఒక లోపానికి దిద్దుబాటు విడుదల చేసింది. అది వేసుకోని కంప్యూటర్ల మీద మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ విరుచుకుపడింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు స్తంభించాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా తాళం పడి కూర్చున్నాయి. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన చోట ఎస్‌ఎంబీ 1 ఉండటం మానేసింది. 2024లో వచ్చిన విండోస్ 11 వెర్షన్ 24హెచ్2 ఇంకో అడుగు వేసింది. ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని మూసేసి, ప్రతి ఎస్‌ఎంబీ కనెక్షన్‌కూ డిజిటల్ సంతకం తప్పనిసరి చేసింది. గెస్ట్‌గా వెళితే ఆ సంతకం కుదరదు. ఏళ్ల తరబడి పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకున్న డిస్కు హఠాత్తుగా మొరాయించడం వెనక కథ ఇదే.

ఇలాంటప్పుడు చేతికి దొరికే సలహా, ఎస్‌ఎంబీ 1ని మళ్లీ ఆన్ చేయి, గెస్ట్‌ను అనుమతించు అని. అది పనిచేస్తుంది, అదే దానిలోని ప్రమాదం. మా ఇంటి నెట్‌వర్క్‌లోకి బయటివాడు ఎలా వస్తాడని అడగవచ్చు. బయటివాడు రానక్కర్లేదు. ఇంట్లోని ఒక్క ల్యాప్‌టాప్‌లో ఎవరో తెరిచిన ఒక అటాచ్‌మెంట్ చాలు, అక్కడి నుంచి షేర్ చేసిన ప్రతి ఫోల్డర్‌కూ దారి ఉంటుంది. వన్నాక్రై ఆఫీసుల లోపల ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకింది కూడా అలాగే. ఇంటి నిల్వ పెట్టె సరాసరి దాడికి గురైన ఉదాహరణా ఉంది. తయారీదారు 2015 తర్వాత అప్‌డేట్లు ఇవ్వని మై బుక్ లైవ్ పెట్టెల్లోని ఫైళ్లను 2021 జూన్‌లో దుండగులు ఇంటర్నెట్ మీదుగా తుడిచేశారు. ఎన్నో కుటుంబాల ఫొటోలు ఆ దెబ్బతో పోయాయి. చేయవలసింది పెట్టెలోనే ఒక యూజర్ పేరు, పాస్‌వర్డ్ సృష్టించి, దాని సెట్టింగుల్లో కనీస వెర్షన్‌ను ఎస్‌ఎంబీ 2గా పెట్టడం, తయారీదారు ఇచ్చిన అప్‌డేట్ వేయడం. పాత పెట్టెకు ఇవేవీ చేతకాకపోతే దాన్ని నెట్‌వర్క్ నుంచి తప్పించాలి. కొత్తది కొనే స్థోమత అందరికీ ఉండదన్నది నిజమే. కానీ పనికిరాకుండా పోయింది పెట్టె, డిస్కు కాదు. రౌటర్‌కు తగిలించిన డిస్కునైతే ఒక కంప్యూటర్‌కు తగిలించి అక్కడి నుంచి షేర్ చేసుకోవచ్చు. నాస్ లోపలి డిస్కు విషయంలో మాత్రం జాగ్రత్త. అది చాలావరకు లైనక్స్ పద్ధతిలో రాసి ఉంటుంది, విండోస్‌కు అర్థం కాదు. తగిలించగానే ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా అని అడుగుతుంది. అవునంటే ఉన్నదంతా పోయినట్టే.

వేగం తక్కువని బాధపడేవాళ్లకు ఒక్క మాట. కేబుల్ మీద సెకనుకు 11 మెగాబైట్ల దగ్గర ఆగిపోతే ఆ కనెక్షన్ 100 మెగాబిట్లకు పడిపోయిందని అర్థం. గిగాబిట్ వేగానికి కేబుల్లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. అందుకే మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా కనెక్షన్ ఆగదు, నెమ్మదిస్తుంది. డిస్కును అనుమానించే ముందు కేబుల్ మార్చి చూడండి. గిగాబిట్ మీద 110 దాకా రావాలి.

ఇదంతా మెకానిక్ పని, మనకెందుకు అనేవాళ్లూ, క్లౌడ్‌లో పెట్టుకుంటే ఈ తంటాలే ఉండవు అనేవాళ్లూ ఉన్నారు. మెకానిక్‌ను పిలవడంలో తప్పేమీ లేదు. అంకెలతో పిలిస్తే తెరుచుకుంది, పేరుతో రాలేదు అని చెప్పగలిగితే అతని పని సులువవుతుంది, అనవసరంగా డిస్కు మార్చమనే అవకాశమూ తగ్గుతుంది. క్లౌడ్ మంచిదే, ముఖ్యమైన కాగితాల ప్రతి అక్కడా ఉండాలి. అయితే వందల గిగాబైట్ల వీడియోలకు నెలనెలా అద్దె కట్టడం ప్రతి కుటుంబానికీ కుదరదు, కుటుంబ జ్ఞాపకాలన్నీ ఒకే అకౌంట్ పాస్‌వర్డ్ మీద ఆధారపడటమూ క్షేమం కాదు. ఇంట్లో అందరూ పంచుకునే డిస్కు కూడా అంతే, అదొక్కటే ఉంటే అది బ్యాకప్ కాదు. వేరే డిస్కు మీద ఇంకో ప్రతి తీసి విడిగా పెట్టాల్సిందే.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాన్ని వదిలి విండోస్ 11కి మారుతున్న ఇళ్లలో పాత పెట్టెలు, పాస్‌వర్డ్ లేని ఫోల్డర్లు ఇంకా చాలా ఉన్నాయి. మీరూ మారబోతుంటే, పాత కంప్యూటర్ నుంచి డిస్కు తెరుచుకుంటున్నప్పుడే దానిలో ఒక యూజర్ పేరూ పాస్‌వర్డూ సృష్టించి, డిస్కు చిరునామాతో పాటు కాగితం మీద రాసి పెట్టుకోండి.