వార్తల్లో పదం: జేబు ఖర్చు

మెడికల్ షాపు కౌంటరు దగ్గర ఒక పెద్దాయన చీటీ చాపి, ‘నెలకు వద్దు బాబూ, పది రోజులకే ఇయ్యి’ అంటాడు. కుర్రాడు బీపీ బిళ్లల షీటును కత్తెరతో కత్తిరిస్తాడు. ఆయన మడతలు విప్పి ఇచ్చే ఆ నోట్లనే ఆరోగ్య లెక్కల్లో ‘జేబు ఖర్చు’ అంటారు. అంటే బీమా గానీ సర్కారు గానీ భరించక, రోగి అక్కడికక్కడే సొంతంగా కట్టే సొమ్ము.

జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలోని మొత్తం వైద్య వ్యయంలో దీని వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా, 2021-22 నాటికి 39.4కు తగ్గింది. మంచి మార్పే. అయినా వందలో దాదాపు నలభై రూపాయలు ఇంకా ఇంటివాళ్లే పెట్టుకోవడం చిన్న సంగతేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018 నాటి ఆయుష్మాన్ భారత్ వైద్య పథకాలు ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవారికే అక్కరకొస్తాయి. గుండె ఆపరేషన్‌కు కార్డు చెల్లుతుంది, మెడికల్ షాపులో కొనే రోజువారీ బిళ్లకు చెల్లదు. ఏళ్ల తరబడి సాగే ఆ ఖర్చే పేదింటిని పీల్చేస్తుంది. అది తగ్గాలంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఎప్పుడూ నిండుగా ఉండాలి, దానికి ప్రభుత్వమే డబ్బు పెట్టాలి. 2025 కల్లా ప్రభుత్వ వైద్య వ్యయాన్ని జీడీపీలో 2.5 శాతానికి చేర్చాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యం పెట్టుకుంది. 2021-22లో ఆ వ్యయం 1.84 శాతం.