ఆఫీసు డైరెక్టరీలో మీరు తయారుచేసిన ఈ-మెయిల్ గ్రూపు

ఒక వ్యక్తికి ఈ-మెయిల్ ఎలా పంపాలో ఇంతకు ముందు పాఠంలో నేర్చుకున్నారు. ఒకే చిరునామాతో పదిమందికి ఉత్తరం పంపే పద్ధతినీ, ఆ చిరునామాను కనిపెట్టుకుని ఉండవలసింది ఎవరన్న విషయాన్నీ ఈ పాఠంలో తెలుసుకుంటారు.

డైరెక్టరీ, గ్రూపు

పూర్వం ఆఫీసుల్లో టెలిఫోను పక్కన ఒక పుస్తకం ఉండేది. అందులో ఉద్యోగుల పేర్లు, హోదాలు, విభాగాలు, నంబర్లు రాసి ఉండేవి. కంప్యూటర్లో ఉండే అలాంటి పట్టికనే డైరెక్టరీ అంటారు. కొత్తగా చేరినవారి పేరును అడ్మిన్ అందులో ఎక్కిస్తారు. ఉద్యోగం మానినవారి పేరు తీసేస్తారు.

ఈ పేర్లలో కొన్నింటిని ఎంచి, వాటన్నింటికీ కలిపి ఒక చిరునామా పెడితే అది గ్రూపు అవుతుంది. కొన్ని గ్రూపులను అడ్మిన్ తయారుచేస్తారు. మరికొన్నింటిని ఉద్యోగులే తమ పని కోసం తయారుచేసుకుంటారు. మైక్రోసాఫ్ట్ 365లో అడ్మిన్ ప్రత్యేకంగా అడ్డుపెట్టకపోతే ఉద్యోగులు తామే గ్రూపు తయారుచేసుకోవచ్చు. తయారుచేసినవారే దానికి ఓనరు. సభ్యులను చేర్చడం, తీసేయడం ఆ ఓనరు పని.

ఒక ఉదాహరణ

రాయపూర్‌లో పనిచేస్తున్న తెలుగువారు చాలామందే ఉన్నారు. మీరు కూడా అక్కడి శంకర్ నగర్‌లో ఒక ఆఫీసులో జీతాల లెక్కలు చూస్తున్నారనుకోండి. ఆ ఆఫీసుకు భిలాయిలోనూ, బిలాస్‌పూర్‌లోనూ శాఖలున్నాయి. ప్రతి నెలా హాజరు పంపమని అడగాలి. జీతాల్లో కోతల వివరాలు చూపించాలి. ఇందుకోసం ఎనిమిది మందితో మీరు ఒక గ్రూపు తయారుచేశారు.

ఏడాది గడిచింది. ఎనిమిది మందిలో ఒకరు ఉద్యోగం మానేశారు. అడ్మిన్ ఆయన ఖాతాను తొలగించారు. దానితోపాటే గ్రూపులోంచి ఆయన పేరు పోయింది. ఇక్కడ మీరు చేయవలసిందేమీ లేదు.

భిలాయిలో హాజరు చూసే మరొకరు అదే శాఖలో స్టోర్సుకు మారారు. ఆయన ఖాతా అలాగే ఉంది, కాబట్టి గ్రూపులోనూ ఉన్నారు. ఎవరి జీతంలో ఎంత అప్పు కోత పడుతోందో ఇప్పటికీ ఆయనకు ప్రతి నెలా చేరుతూనే ఉంది. ఆయన స్థానంలో వచ్చినామెకు మాత్రం ఒక్క ఉత్తరమూ రాదు. హాజరు ఏ తేదీలోగా పంపాలో ఆమెకు తెలియదు. భిలాయిలో దినకూలి మీద పనిచేసేవారికి ఆ నెల డబ్బు ఆలస్యమవుతుంది. వారిలో ఎవరికీ ఈ-మెయిల్ చిరునామా కూడా ఉండకపోవచ్చు!

ఊరు విడిచి వెళ్లినవారు అందరికీ గుర్తుంటారు. పక్క గదికి మారినవారినే మరచిపోతారు. ఉద్యోగంలో ఎవరున్నారో అడ్మిన్‌కు తెలుసు. కాని మీ ఉత్తరం ఎవరు చదవాలో, ఎవరు చదవకూడదో ఆయనకు తెలియదు. అది మీకే తెలుసు.

పేర్లు వాటంతట అవే చేరే గ్రూపులు

ఒక్కొక్క పేరూ ఎంచకుండా, “ఫలానా విభాగంలో ఉన్నవారందరూ” అని నియమం పెట్టి కూడా గ్రూపు తయారుచేయవచ్చు. డైరెక్టరీలో విభాగం మార్చి రాస్తే గ్రూపు కూడా మారుతుంది. పై ఉదాహరణలోని చిక్కు దీనితో చాలావరకు తీరుతుంది. అయితే నియమం తప్పితే వచ్చే నష్టం పెద్దది. ఇంగ్లండులోని జాతీయ ఆరోగ్య సేవలో 2016 నవంబరు 14న ఇదే జరిగింది. ఒక ఉద్యోగి తయారుచేసిన గ్రూపులోకి, అనుకోకుండా, ఆ సేవలో ఈ-మెయిల్ ఉన్నవారందరూ చేరిపోయారు. వారు 8 లక్షలకు పైగా ఉన్నారు. ఒక చిన్న పరీక్ష ఉత్తరం అందరికీ వెళ్లింది. “నన్ను తీసేయండి” అంటూ కొందరు అందరికీ జవాబిచ్చారు. ఆ జవాబులూ అన్ని లక్షల మందికీ వెళ్లాయి! ఆ ఉదయం ఈ-మెయిల్ మందగించింది. కాబట్టి నియమం పెట్టాక, ఉత్తరం పంపకముందే సభ్యుల సంఖ్య చూడండి. గ్రూపుకు ఎవరు ఉత్తరం పంపవచ్చో కూడా నిర్ణయించండి. ఓనర్లు మాత్రమే పంపేలా పెట్టుకోవచ్చు.

ఓనరు లేని గ్రూపు

రేపు మీరే ఉద్యోగం మారితే? గ్రూపు ఉంటుంది, ఉత్తరాలు వెళుతూ ఉంటాయి, సరిదిద్దేవారు ఉండరు. అందుకే మొదటి రోజే రెండో ఓనరును పెట్టండి. కొన్ని సంస్థలు గ్రూపులకు గడువు పెడతాయి. మైక్రోసాఫ్ట్ 365లో అయితే గడువుకు 30, 15, 1 రోజుల ముందు ఓనరుకు హెచ్చరిక వస్తుంది. అవసరం తీరిన గ్రూపును తొలగించడానికి భయపడనక్కరలేదు. అక్కడ పొరపాటున తొలగించినా 30 రోజుల్లోగా తిరిగి తెచ్చుకోవచ్చు.

మీరు చేయవలసిన పని

మీరు ఓనరుగా ఉన్న ఒక గ్రూపును తెరిచి, సభ్యుల పేర్లు నోటు పుస్తకంలో రాయండి. ఒక్కొక్క పేరు ఎదుట, వారు ఈ రోజు ఏ పనిలో ఉన్నారో రాయండి. రాయలేకపోయిన పేరు ఏదైనా ఉంటే, ఆ వ్యక్తికి ఫోను చేసి కనుక్కోండి.