పాత కాషీ పలక ఎవరి చేతి పని?

పాత మస్జిదుల, దర్గాల గోడలకు అతికించిన నిగనిగలాడే పలకలను ఫారసీలో ‘కాషీ’ అంటారు. ఇరాన్‌లోని కాషాన్ పట్టణం పేరు మీద వచ్చిన మాట ఇది. హైదరాబాద్‌లోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా చూసినవారికి ఈ కళ కొత్త కాదు. అయితే ఇలాంటి పాత పలకను చేసింది ఎవరో ఎలా తెలుస్తుంది? కాషాన్ పలకలనే ఉదాహరణగా తీసుకుందాం.

మొదట చూడవలసింది రాత. చాలా పలకల అంచున ఖుర్ఆన్ వాక్యాలుంటాయి. కొన్నిటి మీద హిజ్రీ సంవత్సరం కూడా ఉంటుంది. పెద్ద మిహ్రాబులలో ‘అమల్’ అనే మాట కోసం వెతకాలి. ‘ఫలానా వారి పని’ అని దాని అర్థం. దాని పక్కన వచ్చే పేరే పనివాని పేరు. ‘అలీ ఇబ్న్ ముహమ్మద్ ఇబ్న్ అబీ తాహిర్’ అని ఉంటే తండ్రి, తాత పేర్లు కూడా దొరికినట్టే. ఇలాంటి సంతకాల వల్లనే అబూ తాహిర్, ముహమ్మద్, అలీ, యూసుఫ్ అనే నాలుగు తరాల కాషాన్ కుటుంబం మనకు తెలిసింది.

రెండోది పలక ఒళ్లు. యూసుఫ్ సోదరుడు అబుల్ ఖాసిం 1301లో ఈ పని రహస్యాలను గ్రంథస్థం చేశాడు. మెత్తగా నూరిన పలుగురాయి 10 పాళ్లు, గాజు మిశ్రమం 1 పాలు, తెల్లమట్టి 1 పాలు కలపాలని రాశాడు. అందుకే విరిగిన చోట కాషాన్ పలక ఎర్రగా కాక తెల్లగా, ఇసుకలా గరుకుగా కనిపిస్తుంది. పైనున్న బంగారు మెరుపు బంగారం కాదు. వెండి, రాగి పూసి, పొగ నిండిన బట్టీలో రెండోసారి కాల్చగా వచ్చిన మెరుపు అది.

మూడోది, పలక ఉన్న చోటు. సంతకం లేని పలకను తేదీ ఉన్న తోటి పలకలతో పోల్చి గుర్తించాలి. వరామీన్‌లోని ఇమామ్‌జాదా యహ్యాలో నక్షత్రం, శిలువ ఆకారాల పలకలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉండేవి. వాటిపై హిజ్రీ 660, 661 సంవత్సరాలున్నాయి. 19వ శతాబ్దంలో వాటిని ఊడదీసి అమ్మేయగా, అనేక దేశాల మ్యూజియాలకు చెదిరిపోయాయి. అలీ సంతకంతో 1265లో తయారైన అక్కడి మిహ్రాబు నేడు హోనొలులూలో ఉంది. రాత ఉన్నవాటి ఊరు తెలిసింది. రాత లేని ముక్క ఒక్కసారి గోడ నుండి విడివడితే, దాని పుట్టిల్లు ఊహకే మిగులుతుంది.

అందుకే దాతలకు మా మనవి ఒక్కటే. పాత మస్జిదు, దర్గా, ఇంటి మరమ్మతులకు మీరిచ్చే సొమ్ములో కొంత ఫోటోలకు, నమోదుకు కేటాయించండి. పలకను కదిలించే ముందు గోడ మొత్తాన్ని ఫోటో తీయించండి. తీయక తప్పకపోతే ప్రతి పలకకూ వెనుక వరుస సంఖ్య వేయించి, అన్నిటినీ ఒకేచోట భద్రపరచండి. విరిగిన ముక్కను కూడా పారేయనివ్వకండి. పనివాని పేరు ఆ ముక్క మీదే ఉండవచ్చు.