వీడియో ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్: క్లారిటీ ఎక్కడ పోతోంది?

వీడియో ఎడిటింగ్ అయిపోయాక చివర్లో ఎక్స్‌పోర్ట్ అని ఒక బటన్ వస్తుంది కదా, దాని దగ్గర రిజల్యూషన్, ఫ్రేమ్ రేట్, బిట్‌రేట్, కోడెక్ అని నాలుగు మాటలు ఉంటాయి. మనలో చాలామంది అవేంటో చూడకుండానే నొక్కేస్తాం. నేనూ అంతే చేసేవాణ్ణి. ఒకసారి దెబ్బ తగిలాక నేర్చుకున్నా.

మా అమ్మమ్మ బతుకమ్మ పాటలు బాగా పాడేది. ఒక సద్దుల బతుకమ్మ రోజు వాకిట్లో కూర్చుని తంగేడు పూలు పేరుస్తూ పాడుతుంటే, ఫోన్‌లో నాలుగు నిమిషాలు తీశాను. ఫ్యామిలీ గ్రూప్‌లో మామూలుగా పెట్టేశా. స్టోరేజ్ ఫుల్ అయ్యిందని, "గ్రూప్‌లో ఉంది కదా" అనుకుని ఒరిజినల్ డిలీట్ చేశా. మరుసటి ఏడాదికి అమ్మమ్మ లేదు. పండక్కి అమ్మ "ఆ వీడియో టీవీలో పెట్టరా" అంది. పెడితే, పూలన్నీ కలిసిపోయి పసుపు ముద్ద. అమ్మమ్మ ముఖంలో ఒక్క ముడత లేదు, మైనపు బొమ్మలా ఉంది. తప్పు యాప్‌ది కాదు, నాదే. అది చిన్నదైన కాపీ అని నాకు తెలియదు.

సరే, అసలు ఏం జరుగుతుందో చూద్దాం. ఫుల్ హెచ్‌డీ అంటే ఒక్కో ఫ్రేమ్‌లో 1920 ఇంటూ 1080, అంటే దాదాపు 20.7 లక్షల చుక్కలు. ఒక్కో చుక్క రంగుకి 3 బైట్లు, సెకనుకి 30 ఫ్రేములు. ఏ కుదింపూ లేకుండా దాచాలంటే ఒక్క సెకనుకే దాదాపు 186 ఎంబీ కావాలి. అందుకే కంప్రెషన్ తప్పదు. మన ఫోన్ తీసేటప్పుడే ఆ పని చేస్తుంది.

ఎలా చేస్తుంది? మొదట ఒక ఫ్రేమ్ పూర్తిగా దాచుకుంటుంది. తర్వాతి ఫ్రేముల్లో ఏం మారిందో అంతవరకే రాసుకుంటుంది. వెనక గోడ కదలదు కాబట్టి మళ్ళీ మళ్ళీ రాయక్కర్లేదు. న్యూస్ చదివే వీడియో తక్కువ సైజులో కూడా బాగుంటుంది. అదే వాన, నీళ్ళు, ఎగిరే రంగులు, పూల గుత్తులు అయితే ప్రతి చుక్కా మారుతూ ఉంటుంది. చోటు సరిపోక వివరాలు వదిలేస్తుంది. అమ్మమ్మ పూలు ముద్దైపోయింది అందుకే.

ఇప్పుడు ఎంపీ4, హెచ్.264 అనే పేర్ల గొడవ. ఎంపీ4 అనేది డబ్బా. లోపల వీడియో, ఆడియో కలిపి పెట్టే డబ్బా, అంతే. కోడెక్ అంటే లోపలి సరుకుని కుదించిన పద్ధతి. డబ్బా ఒకటే అయినా లోపల పద్ధతి వేరు కావచ్చు. "ఎంపీ4నే కదా, మా టీవీలో ఎందుకు ఆడట్లేదు" అంటే కారణం చాలాసార్లు ఇదే.

హెచ్.264 వచ్చింది 2003లో. పాతదే, కానీ దాదాపు ప్రతి ఫోన్‌లో, టీవీలో ఆడుతుంది. హెచ్.265, దీన్నే హెచ్ఈవీసీ అంటారు, 2013లో వచ్చింది. అదే క్వాలిటీకి దాదాపు సగం సైజు చాలు, కానీ పాత డివైజుల్లో ఇబ్బంది. ఏవీ1 2018లో వచ్చింది, ఇంకా బాగా కుదిస్తుంది, ఎక్స్‌పోర్ట్‌కి టైమ్ ఎక్కువ పడుతుంది. నా మాట ఏంటంటే, ఎవరికైనా పంపాలంటే హెచ్.264, మీ దగ్గర దాచుకోవాలంటే హెచ్.265.

మొన్న మా పిన్ని కొడుకు అడిగాడు, "అన్నా, 4కె పెడితేనే క్లారిటీ వస్తది కదా?" అని. తీసిందే 1080 అయితే రాదు తమ్ముడూ. మజ్జిగలో నీళ్ళు పోస్తే గ్లాసులు పెరుగుతాయి, వెన్న పెరగదు. ఎంతలో తీశారో అంతలోనే ఎక్స్‌పోర్ట్ చేయండి. రీల్స్, షార్ట్స్ అయితే నిలువుగా 1080 ఇంటూ 1920 చాలు. ఫ్రేమ్ రేట్ కూడా అంతే, 30లో తీస్తే 30, 60లో తీస్తే 60.

అసలు కీలకం బిట్‌రేట్. సెకనుకి ఎంత డేటా వాడాలి అన్నది ఇదే చెప్తుంది. యూట్యూబ్ అప్‌లోడ్‌కి సూచించే అంకెలు ఇవి: 720కి 30 ఫ్రేముల దగ్గర 5 ఎంబీపీఎస్, 1080కి 8, అదే 60 ఫ్రేములైతే 12. 4కె 30 ఫ్రేములకి 35 నుంచి 45.

సైజు ముందే లెక్కేసుకోవచ్చు. బిట్‌రేట్‌ని సెకన్లతో గుణించి 8తో భాగించండి. 8 ఎందుకంటే, ఎంబీపీఎస్‌లో ఉన్నది బిట్లు, ఎంబీలో ఉన్నది బైట్లు. నాలుగు నిమిషాల వీడియో 8 ఎంబీపీఎస్‌లో 240 ఎంబీ. అదే 4కె, 40 ఎంబీపీఎస్‌లో అయితే 1200 ఎంబీ. రోజుకి 1.5 జీబీ ప్యాక్ వాడేవాళ్ళకి ఒక్క అప్‌లోడ్‌తో ఆ రోజు గోవిందా. పాటల వీడియో అయితే ఆడియో దగ్గర పిసినారితనం వద్దు. ఏఏసీ, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. సైజు పెద్దగా పెరగదు.

ఇంకో జాగ్రత్త. కొన్ని ఫోన్లు హెచ్‌డీఆర్‌లో తీస్తాయి. మీ ఫోన్‌లో మెరిసిపోతుంది, వేరేవాళ్ళ ఫోన్‌లో వెలిసిపోయిన చొక్కాలా కనిపిస్తుంది. అందరికీ పంపే వీడియో అయితే తీసేముందే ఆ ఆప్షన్ ఆపేయండి.

ఇక పంపడం. మీరెంత బాగా ఎక్స్‌పోర్ట్ చేసినా, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మళ్ళీ కుదిస్తాయి. జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తే అక్షరాలు ఎలా చెరిగిపోతాయో ఇదీ అంతే. కాబట్టి గ్రూప్‌లో వచ్చిన వీడియోని మళ్ళీ ఎడిట్ చేసి అప్‌లోడ్ చేయకండి, తీసినవాళ్ళ దగ్గర ఒరిజినల్ అడగండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పెడితే ఫైల్ ఉన్నదున్నట్టే వెళ్తుంది. లేదా గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వండి.

మొత్తం ఒక్క ముక్కలో: ఎంపీ4, హెచ్.264, తీసిన రిజల్యూషన్, తీసిన ఫ్రేమ్ రేట్, 1080కి 8 ఎంబీపీఎస్. ఇది గుర్తుంటే నూటికి తొంభైసార్లు సరిపోతుంది. ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఒకసారి మొత్తం ప్లే చేసి చూడండి, ఆ తర్వాతే పంపండి.

స్టోరేజ్ నిండితే ఏదో ఒకటి డిలీట్ చేయాల్సిందే, తప్పదు. కానీ ముందు ఇంట్లో పెద్దవాళ్ళ వీడియోలు వెతకండి. ఒరిజినల్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో ఒకటి, డ్రైవ్‌లో ఒకటి కాపీ పెట్టండి. అమ్మమ్మ గొంతు మాత్రం ఆ వీడియోలో ఇంకా బాగానే వినిపిస్తుంది. అమ్మ ఇప్పుడు టీవీ ఆన్ చేసి, కళ్ళు మూసుకుని వింటుంది. మీ అమ్మకి ఆ పని పడకూడదనే ఈ ఎపిసోడ్. మళ్ళీ కలుద్దాం.