ఏడో నెలలో పసరు వాంతులు: అవి వేవిళ్లు కాకపోవచ్చు

గర్భిణికి వాంతులు, మలబద్ధకం, పొట్ట ఉబ్బరం ఉన్నాయంటే ఇంట్లో ఎవరూ పెద్దగా కంగారుపడరు. ‘కడుపుతో ఉన్నప్పుడు మామూలే’ అంటారు. చాలాసార్లు అది నిజమే. అయితే వేవిళ్లు సాధారణంగా అయిదో నెలకల్లా తగ్గిపోతాయి. ఏడో నెలలో కొత్తగా వాంతులు మొదలై, పసరు పడుతూ, నొప్పి ఆగి ఆగి మెలిపెడుతూ, గ్యాస్ కూడా బయటికి పోకపోతే పేగు మూసుకుపోయిందేమో చూడాలి.

ఇది అరుదైన సమస్య. 1,500 గర్భాలకు ఒకటి నుంచి 66,000కు ఒకటి వరకు రకరకాల అంచనాలున్నాయి. ఎక్కువ కేసులకు మూలం పాత ఆపరేషనే. అపెండిక్స్ తీసినప్పుడో, సిజేరియన్ చేసినప్పుడో గాయం మానే క్రమంలో లోపల నారలాంటి పట్టీలు ఏర్పడి పేగులను అతికిస్తాయి. ఏళ్ల తరబడి వాటివల్ల ఏ ఇబ్బందీ ఉండకపోవచ్చు. పెరుగుతున్న గర్భసంచి పేగులను పైకి నెట్టినప్పుడు మాత్రం ఆ పట్టీ దగ్గర పేగు మడతపడి బిగుసుకుంటుంది. పేగు తన చుట్టూ తానే మెలితిరగడం మరో ప్రధాన కారణం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. పాత కోతల సంగతి మన దగ్గర మరింత శ్రద్ధగా అడగాల్సిందే.

డాక్టరుకు దొరికే ఆధారాలూ తక్కువే. పేగులు గర్భసంచి వెనక్కి వెళ్లిపోతాయి. తెల్ల రక్తకణాలు గర్భంలో ఎలాగూ పెరుగుతాయి కాబట్టి రక్తపరీక్ష స్పష్టంగా ఏమీ చెప్పదు. లోపల ఏముందో చిత్రం తీసి చూడాలి. అక్కడే ఎక్స్‌రే అంటే భయం అడ్డొస్తుంది. ఈ భయానికి అంకెల్లో జవాబుంది. 50 మిల్లీగ్రే కన్నా తక్కువ రేడియేషన్‌తో పిండానికి అవకరాలు గానీ గర్భస్రావం గానీ పెరిగినట్లు ఆధారాల్లేవు. పొట్ట ఎక్స్‌రేతో బిడ్డకు చేరేది 0.1 నుంచి 3 మిల్లీగ్రే. సీటీ స్కాన్‌తో కూడా సాధారణంగా 35 దాటదు. ఎమ్మారైలో ఈ రేడియేషనే ఉండదు, వెంటనే దొరికితే అదే మేలు. దానికోసం రోజంతా ఎదురుచూస్తే మాత్రం ఆలోగా పేగుకు రక్తం ఆగిపోవచ్చు.

చికిత్స మొదట్లో సాదాగానే ఉంటుంది. నోటి ద్వారా ఏమీ ఇవ్వరు. ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేసి పొట్టలోని నీరు తీసేస్తారు. సెలైన్ ఎక్కిస్తూ, తగ్గిన పొటాషియంను సరిచేస్తారు. గర్భసంచి బరువు వెన్నెముక పక్కనున్న పెద్ద సిరను నొక్కకుండా తల్లిని ఎడమవైపు ఒరిగించి పడుకోబెడతారు. బిడ్డ గుండె చప్పుడు గమనిస్తుంటారు. కొందరిలో అడ్డంకి దీంతోనే తొలగుతుంది. జ్వరం వచ్చినా, నాడి వేగం పెరిగినా, నొప్పి విడవకుండా ఉన్నా ఎన్నో నెల అని చూడకుండా ఆపరేషన్ చేయాల్సిందే. పేగు బతికుంటే పట్టీ తెంచితే చాలు. నల్లబడితే ఆ ముక్క కోసి కుడతారు. పేగుకు ఆపరేషన్ చేసినంత మాత్రాన బిడ్డను బయటికి తీయాలనేమీ లేదు. ముందే కాన్పు అయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు.

బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారు ఆ విషయం తొలి పరీక్షలోనే చెప్పాలి. ఆ ఆపరేషన్ తర్వాత లోపల మిగిలే సందుల్లోకి పేగు జారి ఇరుక్కుంటే, మామూలు ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు.