మోటారు సైకిలు మీద మొదటి మజిలీ

పిల్లలూ, పూర్వం కాశీకి పోయేవారు చద్దిమూట కట్టుకుని, మజిలీలు చేసుకుంటూ నడిచి పోయేవారు. ఈ కాలపు యువకులు మోటారు సైకిలుకు గుడారం కట్టుకుని బయలుదేరుతున్నారు. సాయంకాలం ఏ కొండ పక్కనో గుడారం వేస్తారు. తెల్లవారగానే మడిచి కట్టేస్తారు. మా మనవడికీ ఆ సరదా పుట్టింది. కిందటి శీతాకాలంలో స్నేహితుడితో కలిసి విశాఖపట్నం నుంచి లంబసింగి వెళ్ళాలనుకున్నాడు.

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, నర్సీపట్నం దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే వచ్చే చిన్న ఊరు. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్నది. అంత ఎత్తుకు పోయేసరికి గాలి 6, 7 డిగ్రీలు చల్లబడుతుంది. పైగా మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. అందుచేత అక్కడ శీతాకాలంలో తెల్లవారుజామున 5 డిగ్రీలకన్నా కిందికి దిగిన రోజులున్నాయి. సముద్రపు ఒడ్డున పెరిగినవాడికి అది సామాన్యమైన చలి కాదు.

వాడు సామానంతా వసారాలో పరిచాడు. అందులో ఒక ఇనుప కుంపటి, బొగ్గుల సంచీ ఉన్నాయి.

"కుంపటి ఎందుకురా?" అన్నాను.

"రాత్రి గుడారంలో పెట్టుకుంటే వెచ్చగా ఉంటుంది, తాతయ్యా. బొగ్గు బాగా రాజుకున్నాక పొగ రాదుగా!"

పొగ రాదన్న మాట నిజమే. ప్రమాదమంతా అక్కడే ఉన్నది. కాలే బొగ్గుకు చాలినంత ఆక్సిజన్ అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హెమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోసే బండి అనుకోండి. ఈ వాయువు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా ఆ బండిని పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటెక్కడిది? మెలకువగా ఉన్నవాడికి తలనొప్పి, కళ్ళు తిరగటం తెలుస్తాయి. నిద్రపోయేవాడికి అవీ తెలియవు, ఆ నిద్రలోనే ప్రాణం పోవచ్చు. చలికాలంలో తలుపులు బిగించి గదిలో కుంపటి పెట్టుకునే పెద్దలు కూడా ఈ మాట వినాలి.

"మరి చలికో?" అన్నాడు వాడు. పడుకున్నవాడి ఒంటి వేడిని నేల లాగేస్తుంది. అందుకని పైన మూడో రగ్గు కప్పుకునే కంటే అడుగున మందపాటి పరుపుచాప వేసుకోవటం మేలు. కుంపటి ఇంట్లోనే ఉండిపోయింది.

సామాను కట్టటం మరో విద్య. బియ్యం మూటను సైకిలు క్యారియరు చివర కట్టి తొక్కితే హ్యాండిలు తేలిపోతుంది, చూశారా? వెనక చక్రపు ఇరుసుకు అవతల పడిన బరువు ముందు చక్రాన్ని పైకి లేపజూస్తుంది. మోటారు సైకిలుకూ అంతే. బరువైనవి కిందుగా, రెండు చక్రాల మధ్యకు రావాలి. రాత్రి బండి నిలిపేటప్పుడు స్టాండు కింద ఒక పలకరాయి పెట్టాలి. లేకపోతే మంచుకు నాని మెత్తబడిన మట్టిలో అది దిగబడి, బండి గుడారం మీద పడవచ్చు.

మీరు బండి నడపటానికి 18 ఏళ్ళు నిండి, లైసెన్సు రావాలి. ఈలోగా పెద్దలతో చెప్పి, పెరట్లో తాడు కట్టి, దాని మీద ప్లాస్టిక్ పట్టా వేసి, రెండు కొసలూ తెరిచి ఒక చలిరాత్రి పడుకోండి. తెల్లవారి పట్టా లోపలివైపు తడిమి చూడండి. వాన లేకపోయినా చేతికి తడి తగలవచ్చు. పలక మీద నోటితో ఊదితే తేమ పట్టినట్టే, మీ ఊపిరిలోని ఆవిరి చల్లని పట్టాకు తగిలి నీరయింది. కొసలు మూసి పడుకుంటే ఆ తడి ఇంకా ఎక్కువవుతుంది.