గిటారుకు ముందు పొడిగుడ్డ, తర్వాతే సీసా

గిటారు కొన్న చాలామంది దాంతోపాటే ఒక పాలిష్ సీసా, ఒక లెమన్ ఆయిల్ సీసా కూడా కొంటారు. వారం వారం రెండూ పూస్తే వాద్యం పదికాలాలు నిలుస్తుందని నమ్మకం. శ్రద్ధ మంచిదే, కానీ అది దారి తప్పుతోంది. గిటారుకు రోజూ కావలసింది మెత్తటి పొడిగుడ్డ. సీసాతో పని ఏడాదికి ఒకటి రెండుసార్లే. అదీ గిటారు ఒంటిమీది పూత ఏదో తెలిశాకే.

పైకి అన్ని గిటార్లూ ఒకేలా మెరుస్తాయి గానీ పూతలు ఒకటి కావు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే చాలా గిటార్లకు పాలీయురేథేన్ లేదా పాలియెస్టర్ పూత ఉంటుంది. అది గట్టిది, తడిపి బాగా పిండిన గుడ్డతో తుడిచినా ఏమీ కాదు. గిబ్సన్ కంపెనీ ఇప్పటికీ వాడే నైట్రోసెల్యులోజ్ లాకర్ అలా కాదు. కొన్ని స్టాండ్ల రబ్బరు ఎక్కువ కాలం ఆనుకుని ఉంటే చాలు, పూత మెత్తబడి మచ్చ పడుతుంది. చేత్తో చేసే మేలురకం క్లాసికల్ గిటార్లలో కొన్నింటికి ఫ్రెంచ్ పాలిష్ వేస్తారు. అది స్పిరిట్‌లో కరిగించిన లక్క. మళ్లీ స్పిరిట్ తగిలితే కరుగుతుంది. శానిటైజర్ రాసుకున్న చెయ్యి ఆరకముందే అలాంటి గిటారును ముట్టుకోకూడదు. మ్యాట్ పూతను పాలిష్‌తో రుద్దితే, రుద్దినచోటల్లా నిగనిగలాడే మచ్చలు తేలతాయి. సిలికాన్ కలిసిన ఫర్నిచర్ పాలిష్ జోలికి అసలు పోవద్దు. అది సన్నని పగుళ్లలోకి దిగితే, రేపు మరమ్మతు చేసేవారు వేసే కొత్త పూత అక్కడ సరిగా పట్టదు.

ఫ్రెట్‌బోర్డు సంగతి వేరు. రోజ్‌వుడ్, ఎబొనీ బోర్డులకు సాధారణంగా పైపూత ఉండదు. (ప్రపంచమంతా వాడే ఇండియన్ రోజ్‌వుడ్ మన దక్షిణాది అడవుల్లో పెరిగే ఇరుగుడే.) పూత లేని కర్ర ఎండిపోతుంది కాబట్టి నూనె పట్టించాలి కదా అంటారు. కర్ర పగిలేది తనలోని తేమ పోయినప్పుడు. నూనె ఆ తేమను తిరిగి ఇవ్వలేదు. పైగా లెమన్ ఆయిల్ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు వాసన కలిపిన మినరల్ ఆయిలే. ఫ్రెట్ల చివరలు చేతికి గుచ్చుకుంటుంటే బోర్డు ఎండి కుంచించుకుపోయిందని అర్థం. దానికి మందు గదిలో, పెట్టెలో 45 నుంచి 55 శాతం తేమ ఉండేలా చూసుకోవడం. ఏసీ గదిలో గోడకు తగిలించిన గిటారుకు ఈ జాగ్రత్త మరీ అవసరం.

అలాగని నూనె దండగ అనను. తీగలు మార్చేటప్పుడు ప్రతి ఫ్రెట్ పక్కనా చెమట, చర్మపు పొట్టు కలిసి నల్లగా గట్టిపడిన గీత కనిపిస్తుంది. గడువు తీరిన ఏటీఎం కార్డు అంచుతో దాన్ని నెమ్మదిగా గీకి, పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు నాలుగు చుక్కల నూనె రాయండి. కొద్ది నిమిషాలాగి పూర్తిగా తుడిచేయండి. గీకడానికి స్టీల్ ఊల్ వాడితే ముందు పికప్‌లపై టేపు అతికించాలి, లేకపోతే ఇనుపరజను అయస్కాంతాలకు అంటుకుంటుంది. మేపుల్ బోర్డుకు సాధారణంగా పైపూత ఉంటుంది, దానికి నూనె అక్కర్లేదు.

మన ఉక్కపోతలో కారే చెమటకు పొడిగుడ్డ సరిపోతుందా? వెంటనే తుడిస్తే సరిపోతుంది. చెమటలోని ఉప్పు తీగలనూ ఫ్రెట్లనూ తినేది అక్కడే ఆరి మిగిలిపోయినప్పుడు. వాయించేముందు చేతులు కడుక్కుని, వాయించాక తీగల కింద కూడా గుడ్డ పోనిస్తే నిమిషం పని. మీ గిటారుకు ఏ పూత వేశారో తయారీదారు వెబ్‌సైట్‌లో చూసుకోండి, ఆ తర్వాతే సీసా మూత తీయండి.